మౌనమా, నెమ్మదా? తెలుగు బైబిలులో స్త్రీ పరిచర్యను తెలిపే పదాలు: ఒక పరిశీలన

వ్యాససంగ్రహం

క్రైస్తవ సంఘంలో స్త్రీ బోధించవచ్చునా, నాయకత్వం వహించవచ్చునా అనే చర్చ తెలుగునాట చాలాకాలంగా కొత్త నిబంధనలోని కొన్ని వచనాల చుట్టూ సాగుతోంది. ఆ వచనాలను మనం గ్రీకులో కాక తెలుగులో చదువుతున్నాం. కాబట్టి మన నిర్ణయాల్లో మూలానికి ఎంత పాత్ర ఉందో అనువాదకుడి పదఎంపికకూ అంత పాత్ర ఉంది. భారత బైబిల్ సొసైటీ ప్రచురించే పాత తెలుగు అనువాదంలోని ‘మౌనము’, ‘అధికారము’, ‘పరిచారకురాలు’, ‘సహాయురాలు’ అనే పదాలను, ‘యూనీయ’ అనే పేరును మూలపదాలతో పోల్చి పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం. అనువాదం కొన్నిచోట్ల స్త్రీ స్థానాన్ని కుదించింది, కొన్నిచోట్ల ఇంగ్లీషు అనువాదం కంటే ఉదారంగా నిలిచింది, ఒకచోట తెలుగు వ్యాకరణమే స్త్రీని మరుగుపరచింది అని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: తెలుగు బైబిలు, అనువాదం, పౌలు పత్రికలు, స్త్రీ పరిచర్య, ఫీబే, యూనీయ, స్త్రీవాద విమర్శ.

1. ఉపోద్ఘాతం

లండన్ మిషనరీ సొసైటీకి చెందిన క్రాన్, డి గ్రాంజ్ 1805లో విశాఖపట్నం చేరి తెలుగు అనువాద కృషిని ఆరంభించారు. ఆ తరువాత పలువురి చేతుల్లో సవరణలు పొందిన గ్రాంథిక అనువాదమే నేటికీ ఎక్కువ ప్రొటెస్టెంట్ సంఘాల్లో బల్లమీద ఉండే గ్రంథం. సామాన్య విశ్వాసికి దాని భాషే దేవుని భాష. అందులోని ఒక క్రియాపదం, ఒక విశేషణం సంఘనియమంగా మారిపోవడం సహజం.

ఎలిజబెత్ షూస్లర్ ఫియొరెంజా 1983లో ప్రచురించిన గ్రంథం మొదలుకొని స్త్రీవాద బైబిల్ విమర్శ ఒక మెలకువ నేర్పింది. గ్రంథం ఏం చెబుతున్నదనే ప్రశ్నతో పాటు, ఆ గ్రంథాన్ని మనదాకా తెచ్చినవారు దేనిని ముందుకు తెచ్చారు, దేనిని వెనక్కు నెట్టారు అనే ప్రశ్న కూడా వేయాలి. ఈ ప్రశ్నను తెలుగు పాఠానికి వేసినప్పుడు లభించే సమాధానం ఏకముఖంగా ఉండదు.

2. ఒక గ్రీకు పదం, రెండు తెలుగు పదాలు: మౌనం

తిమోతికి రాసిన మొదటి పత్రిక రెండో అధ్యాయంలో 11, 12 వచనాలు స్త్రీ ‘మౌనముగా’ నేర్చుకోవాలని, ‘మౌనముగా’ ఉండాలని చెబుతాయి. మూలంలోని నామవాచకం ‘హేసూఖియా’. ఈ నామం కొత్త నిబంధనలో నాలుగుసార్లే కనిపిస్తుంది. రెండు ఈ వచనాల్లోనే ఉన్నాయి. మూడోది అపొస్తలుల కార్యములు 22:2లో, పౌలు హెబ్రీ భాషలో మాట్లాడడం విని జనసమూహం నిశ్శబ్దమైన సందర్భంలో ఉంది. నాలుగోది థెస్సలొనీకయులకు రాసిన రెండో పత్రిక 3:12లో ఉంది. అక్కడ పని మానుకొని ఇతరుల జోలికి పోయేవారికి పౌలు బుద్ధి చెబుతాడు. ఆ చోట అదే నామాన్ని మన అనువాదకులు ‘నెమ్మదిగా’ అన్నారు.

ఈ భేదం చిన్నది కాదు. పని మానినవారి విషయంలో ‘నెమ్మది’ అంటే నోరు మూసుకోవడం కాదు, ఒద్దికగా తన పని తాను చేసుకోవడం. స్త్రీ విషయానికి వచ్చేసరికి అదే పదం ‘మౌనం’ అయింది. దీనికి సంబంధించిన విశేషణం తిమోతి పత్రిక అదే అధ్యాయం రెండో వచనంలో విశ్వాసులందరి ప్రశాంత జీవనాన్ని సూచిస్తుంది. అక్కడా మౌనం ప్రసక్తి లేదు. కార్యముల గ్రంథంలోని ఉదాహరణ వల్ల ‘నిశ్శబ్దం’ అనే అర్థం ఆ పదానికి అసలు లేదనలేం. కాని నేర్చుకొనే సందర్భంలో ‘నెమ్మదిగా’ అనే అర్థం కూడా అంతే సాధ్యమని, పాఠకుడికి ఆ అవకాశం కనబడకుండా పోయిందని చెప్పవచ్చు.

కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక 14వ అధ్యాయంలో స్థితి వేరు. 34వ వచనంలో స్త్రీలకు చెప్పిన మౌనానికి మూలం ‘సిగావో’ అనే క్రియ. ఇదే క్రియ 28వ వచనంలో అర్థం చెప్పేవాడు లేనప్పుడు భాషలతో మాట్లాడే వ్యక్తికి, 30వ వచనంలో మరొకరికి ప్రత్యక్షత కలిగినప్పుడు మొదట మాట్లాడుతున్న ప్రవక్తకు వర్తిస్తుంది. తెలుగు అనువాదం మూడుచోట్లా ‘మౌనముగా’ అనే పదాన్నే నిలిపింది. ఇది మెచ్చదగిన నిష్ఠ. మొదటి రెండు సందర్భాల్లో మౌనం ఒక సమయానికి, ఒక క్రమానికి సంబంధించినదే తప్ప శాశ్వత నిషేధం కాదు. మూడోదాన్ని మాత్రం శాశ్వతంగా చదవడం పాఠకుడి ఎంపిక. పైగా అదే పత్రిక 11:5 స్త్రీ ప్రార్థించడాన్నీ ప్రవచించడాన్నీ జరుగుతున్న విషయంగానే ప్రస్తావించి, తల కప్పుకొనే పద్ధతిని మాత్రమే చర్చిస్తుంది.

34, 35 వచనాలు కొన్ని పాశ్చాత్య ప్రతుల్లో 40వ వచనం తరువాత కనిపిస్తాయి. దీన్ని ఆధారం చేసుకొని ఇవి తరువాత చేరినవని గోర్డన్ ఫీ 1987 నాటి వ్యాఖ్యానంలో వాదించాడు. అయితే ఈ వచనాలు లేని ప్రతి ఏదీ దొరకలేదు. కాబట్టి ప్రక్షిప్తవాదంపై భారం మోపడం కంటే ఆ అధ్యాయంలోని మూడు మౌనాలను కలిపి చదవడమే గట్టి మార్గం.

3. రెండు గ్రీకు పదాలు, ఒక తెలుగు పదం: అధికారం

తిమోతి మొదటి పత్రిక 2:12లో స్త్రీ పురుషునిమీద ‘అధికారము చేయుట’ నిషిద్ధమైంది. ఇక్కడి మూలక్రియ ‘అవుథెంతెయిన్’. ఇది కొత్త నిబంధనలో మరెక్కడా లేదు. అధికారానికి పౌలు సాధారణంగా వాడేది ‘ఎక్సూసియా’, దాని నుంచి పుట్టిన క్రియలు. కొరింథీయుల మొదటి పత్రిక 7:4లో భార్య దేహంపై భర్తకు, భర్త దేహంపై భార్యకు సమానంగా చెప్పిన హక్కు ఈ రెండో కోవకు చెందినది. తెలుగులో రెండూ ‘అధికారము’ అయ్యాయి.

లాటిన్ వల్గేట్ అనువాదం తిమోతి వచనంలో పైచేయి సాధించడం అనే అర్థమిచ్చే క్రియను వాడింది. 1611 నాటి ఇంగ్లీషు అనువాదం తనది కాని అధికారాన్ని చేజిక్కించుకోవడమనే ఛాయ ఇచ్చింది. తెలుగులో ‘అధికారం వహించడం’ వేరు, ‘అధికారం చెలాయించడం’ వేరు, ‘పెత్తనం చేయడం’ వేరు. ఇంత సూక్ష్మమైన భేదాలు చెప్పగల భాషలో ‘అధికారము చేయుట’ అనే తటస్థమైన మాటను ఎంచుకోవడం వల్ల నిషేధం పరిధి పెరిగింది. పెత్తనం తప్పు అయితే అది ఎవరికైనా తప్పే. అధికారమే తప్పు అయితే అది స్త్రీకి మాత్రమే తప్పు అవుతుంది.

దీనికి ప్రతివాదం ఉంది. ఆండ్రియాస్ కోస్టెన్‌బెర్గర్ 1995లో తాను సహసంపాదకత్వం వహించిన సంపుటిలో వాక్యనిర్మాణం ఆధారంగా వాదించాడు. ‘ఊదె’ అనే నిషేధార్థక సముచ్చయం కలిపే రెండు క్రియలూ మంచివో, రెండూ చెడ్డవో అయివుంటాయని, బోధించడం మంచిదే కాబట్టి రెండో క్రియ కూడా తటస్థ అధికారాన్నే తెలుపుతుందని అతని నిర్ణయం. ఈ వాదం బలమైనదే. కాని అదే పత్రిక మొదటి అధ్యాయం తప్పుడు బోధను అరికట్టమనే ఆజ్ఞతో ఆరంభమవుతున్నప్పుడు, ఇక్కడి ‘బోధ’ తప్పక మంచిదేనన్న ఆధారవాక్యమే ప్రశ్నార్థకమవుతుంది.

కొరింథీయుల పత్రిక 11:10 మరో ఉదాహరణ. మూలంలో స్త్రీ తలమీద ‘ఎక్సూసియా’ ఉండాలని మాత్రమే ఉంది. తెలుగులో అది ‘అధికార సూచన’ అయింది. ‘సూచన’ అనే పదం అనువాదకుల వ్యాఖ్యానం. స్త్రీకి ఉన్న అధికారంగా చదవగల వాక్యం, స్త్రీపై ఉన్న అధికారానికి గుర్తుగా చదివే వాక్యమైంది. ప్రార్థనలో తలమీద కప్పుకొనే చీరచెంగుకు మన సంఘాల్లో ఇచ్చే వివరణ ఎక్కువగా ఈ ‘సూచన’ నుంచే వస్తుంది.

4. ఒక పదం, రెండు గౌరవాలు: పరిచారకురాలు

రోమీయులకు రాసిన పత్రిక 16:1లో కెంక్రేయ సంఘానికి చెందిన ఫీబేను పౌలు ‘దియాకొనోస్’ అంటాడు. తెలుగులో ఆమె ‘పరిచారకురాలు’. కొరింథీయుల మొదటి పత్రిక 3:5లో పౌలు, అపొల్లోలు కూడా ‘పరిచారకులు’. తిమోతి పత్రిక మూడో అధ్యాయంలో సంఘపదవిలో ఉన్నవారూ ‘పరిచారకులు’. 1611 ఇంగ్లీషు అనువాదం ఫీబేను సేవకురాలిగా, పౌలును సేవాధికారిగా వేరుచేసింది. తెలుగు ఆ పని చేయలేదు. అంతేకాదు, తిమోతి 3:11లో మూలం ‘స్త్రీలు’ అని మాత్రమే చెప్పినచోట ఇంగ్లీషు ‘వారి భార్యలు’ అనగా, తెలుగు ‘పరిచర్యచేయు స్త్రీలు’ అంది. మన అనువాదకులను మొత్తంగా పురుషపక్షపాతులని తీర్పు చెప్పేవారు ఈ రెండు చోట్లను గమనించాలి.

మరి లోపం ఎక్కడ? వినికిడిలో ఉంది. ‘పరిచారకుడు’ అనగానే సంఘపదవి స్ఫురిస్తుంది. ‘పరిచారకురాలు’ అనగానే రాణివాసంలోని చెలికత్తె, ఆసుపత్రిలోని సహాయకురాలు స్ఫురిస్తారు. అనువాదకుడు సమానంగా ఇచ్చిన పదాన్ని సమాజం అసమానంగా విన్నది.

రెండో వచనంలోని ‘ప్రొస్తాతిస్’ విషయంలో మాత్రం అనువాదమే తగ్గింది. ఆ పదం నాటి రోమను సమాజంలో అండగా నిలిచే ఆశ్రయదాతను, పోషకురాలిని సూచిస్తుంది. తెలుగులో ఫీబే ‘సహాయురాలు’ అయింది. దీనికి మూలధాతువైన క్రియనే తిమోతి మొదటి పత్రిక 5:17లో పెద్దల విషయంలో ‘పాలనచేయు’ అన్నారు. ఫీబే కవులను పోషించిన ప్రభువులవలె సంఘాన్ని పోషించినదే తప్ప చేతిసాయం చేసిన మనిషి మాత్రమే కాదు. ‘పోషకురాలు’ అనే తెలుగు పదం ఇక్కడ చక్కగా అమరుతుంది.

5. బహువచనంలో మరుగైన స్త్రీ: యూనీయ

రోమీయుల పత్రిక 16:7లో అంద్రొనీకు, యూనీయ అనే ఇద్దరు అపొస్తలులలో ప్రసిద్ధులుగా పేర్కొనబడ్డారు. నాలుగో శతాబ్దపు గ్రీకు వ్యాఖ్యాత క్రిసొస్తొము యూనీయను స్త్రీగానే గుర్తించి, అపొస్తలురాలనే పేరుకు తగినదని ప్రశంసించాడు. రోమను శాసనాల్లో ‘యూనియా’ అనే స్త్రీనామం విరివిగా దొరుకుతుంది. ‘యూనియాస్’ అనే పురుషనామం దొరకదు. అయినా ప్రామాణిక గ్రీకు ముద్రణ 1927 నుంచి 1998 వరకు పురుషనామ స్వరచిహ్నాన్నే ఇచ్చిందని ఎల్డన్ ఎప్ 2005లో వివరంగా చూపాడు. ఈ ఇద్దరూ ‘అపొస్తలులకు సుపరిచితులు’ మాత్రమేనని బరర్, వాలెస్ 2001లో వాదించారు గాని, స్త్రీనామం విషయంలో నేడు పెద్ద వివాదం లేదు.

తెలుగులో సమస్య స్వరచిహ్నానిది కాదు. మన వ్యాకరణంలో స్త్రీవాచకం ఏకవచనంలో అమహత్తులతో, బహువచనంలో మహత్తులతో చేరుతుంది. ‘బంధువులు’, ‘ఖైదీలు’, ‘వీరు’ అనే మాటల్లో లింగభేదం కనిపించదు. ఫీబే పక్కన ‘సహోదరి’ అనే మాట ఉంది గనుక ఆమె స్త్రీ అని తెలుస్తుంది. యూనీయ పక్కన అలాంటి మాట లేదు. పేరు కూడా మన చెవికి పురుషనామంగా వినబడటానికి వీలున్నదే. ఇక్కడ ఎవరూ స్త్రీని పురుషునిగా మార్చలేదు, భాష ఆమెను బహువచనంలో దాచింది. ఆదివారపు పాఠంలో ఈ వచనాన్ని అనేకమార్లు విన్న విశ్వాసికి కూడా అపొస్తలులలో ఒక స్త్రీని పేర్కొన్నారని తెలియకపోవచ్చు.

6. పదపరిశీలనకు హద్దులు

పదాలను సరిచేస్తే వివాదం ముగుస్తుందనుకోవడం పొరపాటు. తిమోతి పత్రిక 2:13, 14 వచనాలు ఆదాము ముందు నిర్మితుడయ్యాడని, హవ్వ మోసపోయిందని కారణాలు చూపుతాయి. స్త్రీ బోధను నిరాకరించేవారి ప్రధాన ఆధారం ఇదే. ‘మౌనం’ స్థానంలో ‘నెమ్మది’ పెట్టినా ఈ కారణాలు అలాగే ఉంటాయి. ఆ పత్రిక పౌలు శిష్యుల కాలానిదని చాలామంది పండితులు భావిస్తున్నా, గ్రంథాన్ని ప్రమాణంగా స్వీకరించే సంఘానికి అది సమాధానం కాదు.

అయితే గ్రంథాన్ని గ్రంథంతోనే పోల్చి చదివే పద్ధతి సంఘానికి ఆమోదయోగ్యమే. ఆ పత్రిక ఎఫెసులో ఉన్న తిమోతికి రాసినది. అదే ఎఫెసులో ప్రిస్కిల్ల, అకుల కలిసి అపొల్లో వంటి విద్వాంసునికి దేవుని మార్గాన్ని మరింత వివరంగా బోధించారని కార్యములు 18:26 చెబుతుంది. ఒకే ఊరికి సంబంధించిన ఈ రెండు సాక్ష్యాల్లో ఒకటి నియమం, మరొకటి మినహాయింపు అని నిర్ణయించేది వచనం కాదు, వ్యాఖ్యాత.

తెలుగు సంఘ చరిత్ర కూడా ఇదే చెబుతుంది. వలసపాలన కాలంలో ‘బైబిలు స్త్రీలు’ ఇంటింటికీ వెళ్లి లేఖనాలు చదివి వివరించారు. వారి కృషిని కులం, లింగం కోణాల నుంచి జేమ్స్ ఎలీషా తానేటి 2013లో గ్రంథరూపంలో పరిశీలించాడు. అదే సంవత్సరం దక్షిణ ఇండియా సంఘం నంద్యాల అధ్యక్ష మండలానికి పుష్పలలిత ఆ సంఘపు తొలి మహిళా బిషప్ అయ్యారు. మరోవైపు, చాలాచోట్ల స్త్రీ చెప్పే వాక్యవివరణకు నేటికీ ‘సాక్ష్యం’ అనే పేరే మిగిలింది. పని జరుగుతోంది, పేరు మాత్రం దక్కలేదు.

7. ముగింపు

పరిశీలించిన ఉదాహరణల్లో అనువాదం ఒకే దిశలో నడవలేదు. హేసూఖియాను స్త్రీకి మౌనంగా, ఇతరులకు నెమ్మదిగా విడదీసింది. రెండు భిన్నమైన అధికారాలను ఒకటి చేసింది. ఫీబే పదవిని నిలిపి, పోషకత్వాన్ని తగ్గించింది. యూనీయను బహువచనంలో విడిచిపెట్టింది. ప్రత్యామ్నాయ పదాలను అధోజ్ఞాపికల్లో చూపితే పాఠకుడు తానే నిర్ణయించుకోగలడు. కతోలిక, ఆధునిక వ్యావహారిక అనువాదాలతో ఈ పదాలను పోల్చే పని పరిశోధకుల ముందుంది.

లేఖనం పేరిట ఒక స్త్రీని మాట్లాడవద్దని చెప్పేవారు, ఆ మాట లేఖనానిదో అనువాదకునిదో ముందు తేల్చుకోవాలి. ఆ తేల్చుకొనే బాధ్యత వేదాంత కళాశాలలదే కాక తెలుగు శాఖలది కూడా. ఎందుకంటే వివాదంలో ఉన్న పదాలు మన పదాలే.