కీలో చేరని నంబరు

ప్రోగ్రామ్‌ను నడపకుండా, దాని కోడ్‌ను మాత్రమే చదివి, తప్పుకు దారితీయగల రాతను ఎత్తిచూపే పరిశీలనను లింటింగ్ అంటారు. బెల్ ల్యాబ్స్‌లో స్టీఫెన్ జాన్సన్ సి భాష కోసం 1978లో రూపొందించిన లింట్ నుంచి వచ్చిన ఈ పద్ధతిని, 2013లో నికొలస్ జాకస్ ఆరంభించిన ఈఎస్‌లింట్ జావాస్క్రిప్ట్‌లో కొనసాగిస్తూ, ఆయా లైబ్రరీలకు ప్రత్యేకమైన నియమాలను ప్లగిన్ల రూపంలో చేర్చుకోనిస్తుంది. సర్వర్ నుంచి డేటాను తెచ్చి, మళ్లీ వాడుకోవడానికి క్యాష్‌లో దాచే టాన్‌స్టాక్ క్వెరీ లైబ్రరీకీ అటువంటి ప్లగిన్ ఉంది. ప్రాజెక్టు ఆరంభంలోనే దాన్ని అమర్చుకోవాలనడానికి ఆ క్యాష్ పనితీరే కారణం.

దాచిన ప్రతి డేటానూ లైబ్రరీ క్వెరీ కీ అనే గుర్తును బట్టే పోల్చుకుంటుంది. హాల్ టికెట్ నంబరును బట్టి మార్కులు చూపే పేజీలో, డేటా తెచ్చే ఫంక్షన్ ఆ నంబరును వాడుకుంటున్నా, కీలో ‘మార్కులు’ అన్న మాట ఒక్కటే ఉంటే, నంబరు మారినప్పుడు కీ మారదు కనుక, రెండో విద్యార్థి పేరు కింద మొదటి విద్యార్థి మార్కులే నిలిచిపోతాయి. తెరపై ఎర్రర్ రాదు, టైప్‌స్క్రిప్ట్ అభ్యంతరం చెప్పదు. పైగా వేరే ట్యాబ్‌కు వెళ్లి తిరిగివస్తే, లైబ్రరీ తనంతట తాను డేటాను మళ్లీ తెచ్చుకోవడం వల్ల సరైన మార్కులు కనబడవచ్చు కాబట్టి, ఫిర్యాదు అందినా తప్పును పట్టుకోవడం కష్టమవుతుంది. ఫంక్షన్ ఆధారపడే ప్రతి విలువా కీలో ఉందో లేదో చూసే ‘ఎగ్జాస్టివ్ డెప్స్’ నియమం ఈ లోపాన్ని కోడ్ రాస్తుండగానే బయటపెడుతుంది. ఈ ఒక్క నియమం కోసమైనా ప్లగిన్‌ను పెట్టుకోవచ్చు.

అమరిక సులభమే. ప్లగిన్‌ను డెవలప్‌మెంట్ డిపెండెన్సీగా, అనగా కోడ్ రాసే దశకే పరిమితమైన ప్యాకేజీగా చేర్చి, ఈఎస్‌లింట్ కాన్ఫిగ్ ఫైలులో ‘ఫ్లాట్ రికమెండెడ్’ అనే సిద్ధ నియమావళిని జోడిస్తే సరిపోతుంది. అయితే 2024లో వచ్చిన ఈఎస్‌లింట్ తొమ్మిదో వెర్షన్ నుంచి ఫ్లాట్ కాన్ఫిగ్ అనే కొత్త పద్ధతే డిఫాల్ట్ అయినందున, పాత పద్ధతి ఫైలులో రాసిన నియమాలను అది తనంతట తాను చదవదని గమనించాలి. కాంపొనెంట్ తిరిగి రెండర్ అయిన ప్రతిసారీ క్యాష్‌ను నిర్వహించే క్వెరీ క్లయింట్ కొత్తగా పుట్టి క్యాష్ ఖాళీ కాకుండా కాపాడే నియమం కూడా ఆ నియమావళిలోనే ఉంది.

పాత ప్రాజెక్టులో ప్లగిన్‌ను చేర్చగానే ఫిర్యాదులు కుప్పలుగా రావచ్చు. అప్పుడు నియమాన్నే ఆపివేయడం తగదు. ఒక చోట మినహాయింపు నిజంగా అవసరమైతే, ఆ వరుసకు మాత్రమే నియమాన్ని నిలిపే కామెంట్ రాసి, రెండు అడ్డగీతల తరువాత కారణాన్ని చేర్చవచ్చు. కాలక్రమంలో కోడ్ మారి ఆ మినహాయింపు అక్కరలేనిదైతే, తొమ్మిదో వెర్షన్ ఆ సంగతిని కూడా హెచ్చరికగా తెలుపుతుంది.