జత కట్టిన దోనెలు

తాటి మొద్దును నీళ్ళలోకి దొర్లించి దాని మీద నిలబడి చూడండి. కాలు మోపగానే గిర్రున తిరిగి మిమ్మల్ని నీళ్ళపాలు చేస్తుంది. తొలిచి దోనె చేశాక ఆ దుడుకు కొంత తగ్గుతుందే గాని పూర్తిగా పోదు. అడుగు గుండ్రన, వెడల్పు ఒక మనిషి కూర్చునేంత. అలవాటున్నవాడు కూడా అందులో లేచి నిలబడే ముందు ఒళ్ళు సర్దుకుంటాడు. అదే దోనె పక్కన ఇంకొకటి పెట్టి, మీద అడ్డకర్రలు వేసి బిగిస్తే మనుషులూ మోపులూ ఎక్కినా నిలకడగా ఉంటుంది. ఈ జత పేరు సంగడి. సంగడి అంటే చెలిమి కూడా. సంగడీడు అంటే స్నేహితుడు. ఒంటరిగా ఒరిగిపోయే రెండింటిని ఒకదానికొకటి ఆసరా చేయడమే ఈ పడవలోని విద్య.

గుడివాడ నుంచి కైకలూరు వైపు సాగితే ఈ పడవ ఎందుకు పుట్టిందో తెలుస్తుంది. కృష్ణా, గోదావరి డెల్టాల నడిమి పల్లంలో కొల్లేరు ఉంది. బుడమేరు, తమ్మిలేరు తెచ్చే నీటిని పట్టుకుని, ఉప్పుటేరు దారిన సముద్రానికి వదులుతుంది. నీళ్ళు లోతు తక్కువ; నాచూ, తూడూ, గుర్రపుడెక్కా ఎక్కువ. లోతు కోరే పడవకు ఇక్కడ పని లేదు. టేకు అడవి దగ్గర్లో లేదు గాని, గట్టు గట్టుకూ తాటిచెట్టు ఉంది.

మామూలు చెట్టుకు చేవ నడుమ ఉంటుంది. తాటిది తిరకాసు: నల్లటి గట్టి చేవ పైచుట్టున ఉంటుంది, లోపలంతా పీచుపీచుగా మెత్తన. అంటే దోనె చేసేవాడికి సగం పని చెట్టే చేసిపెట్టింది. ముదురు మానును పడగొట్టి, పైవైపు కొంత చెక్కేసి, గొడ్డలితోనూ బాడిసతోనూ లోపలి మెత్తదనాన్ని తోడేస్తే చేవగల డొప్ప మిగులుతుంది. మొదలు దగ్గర మాను సహజంగా ఉబ్బి ఉంటుంది కదా, ఆ ఉబ్బును తొలవకుండా వదిలితే అదే దోనెకు ముక్కు, అదే మూత. రెండో కొస నరికిన చోట తెరుచుకుని ఉంటుంది. అక్కడ చెక్కతోనో బంకమట్టితోనో అడ్డుకట్ట వేస్తారు. మేకు లేదు, అతుకు లేదు, కారడానికి కీలు లేదు. ఎండకు వదిలేస్తే మాత్రం పగులుతుంది. అందుకే పని లేని రోజుల్లో నీళ్ళలో ముంచి ఉంచడమే దానికి సంరక్షణ.

కొత్త సంగడి చేతికొచ్చినప్పుడు చూసుకోవలసింది దోనెల నునుపు కాదు, వాటి ఈడుజోడు. ఒకటి మందంగా, ఒకటి పలచగా ఉంటే బరువున్నది లోతుకు దిగుతుంది. పైన వేసిన బల్ల ఎప్పుడూ ఒక పక్కకు వాలే ఉంటుంది. తర్వాత చూడవలసింది రెండింటి మధ్య ఎడం. మరీ దగ్గరైతే కట్టి ఫలం లేదు, పాత ఊగిసలాటే. మరీ దూరమైతే అడ్డకర్ర నడుమ విరుగుతుంది. చివరిది, అసలైనది కట్టు. అల వచ్చినప్పుడు రెండు దోనెలూ ఒకేసారి లేవవు. ఒకటి లేస్తుంటే ఒకటి దిగుతుంటుంది. ఆ గుంజాటంతా అడ్డకర్ర మీద పడుతుంది. మేకు కొడితే బెజ్జం రోజురోజుకూ పెద్దదవుతుంది. కొబ్బరి పీచు తాడైతే కొంచెం సాగి, కొంచెం ఇచ్చి, మళ్ళీ పట్టుకుంటుంది. కాలవ ఇరుకైతే విప్పి రెండుగా నడుపుకోవచ్చు. ఒక దోనె పాడైతే దాన్నొక్కదాన్నే మార్చుకోవచ్చు.

బయలుదేరడానికీ ఒక పద్ధతి ఉంది. ఎక్కేవాడు అంచు మీద కాదు, నడిమి బల్ల మీద కాలు పెట్టాలి. బరువును రెండు దోనెలకూ సమంగా పంచాలి. అణియం వైపు ఎక్కువైతే ముక్కు నాచులోకి దూసుకుపోతుంది. గెడ వేసేవాడు వెనకవైపు, అమరం దగ్గర నిలబడి నేలను తన్నుతాడు. రెండు దోనెలు కనుక సంగడి తిరగడానికి మొండికేస్తుంది, మలుపు ఇంకా దూరం ఉండగానే గెడ పక్క మార్చాలి.

బందరు తీరానికి వస్తే కట్టు ఇంకో రూపంలో కనిపిస్తుంది. సముద్రపు తెప్పకు డొప్ప ఉండదు. తేలిక దుంగలను పక్కపక్కన చేర్చి బిగించడమే. అల మీద పడితే నీళ్ళు సందుల్లోంచి జారిపోతాయి. నిండేందుకు చోటే లేనప్పుడు మునిగేదెక్కడ? తమిళులు దీన్ని కట్టుమరం అన్నారు. ఆ రెండు మాటలూ మన కట్టు, మానులకు తోబుట్టువులే. 1697లో అచ్చయిన యాత్రా గ్రంథంలో విలియం డాంపియర్ అనే ఇంగ్లిష్ నావికుడు కోరమాండల్ తీరపు ఈ తెప్పలను కాటమరాన్ అన్నాడు. అటు యూరప్‌లో రెండు పొట్టల ఓడను విలియం పెటీ 1662లోనే డబ్లిన్‌లో కట్టించాడు. 1876లో న్యూయార్క్ పందెంలో నథానియల్ హెరెషాఫ్ కట్టిన అమరిల్లిస్ తోటి పడవలన్నిటినీ వెనక్కి నెట్టింది. ఓడినవాళ్ళు అభ్యంతరం చెప్పడంతో ఆ తరహా పడవలనే పందేల నుంచి తప్పించారు. అలాంటి పడవలకు చివరికి స్థిరపడిన పేరు కాటమరాన్. ఇవాళ కోట్లు పోసి కొనే తెరచాప కాటమరాన్‌కు పేరు మాత్రమే మన దుంగల తెప్పది. రూపంలో దానికి చుట్టం తెప్ప కాదు, సంగడి.

ఆ చుట్టరికానికి కారణం నిలకడలో ఉంది. తెరచాప ఎత్తగానే గాలి పడవను ఒక పక్కకు ఒరగదోస్తుంది. ఒంటి పడవ అడుగున బరువు మోసి దానికి ఎదురు నిలుస్తుంది. జంట పడవ వెడల్పుతో నిలుస్తుంది, అందుకే తేలిగ్గా ఉండి వేగంగా పోతుంది. లోపమూ అక్కడే: ఒకసారి తలకిందులైతే అలాగే నిలకడగా ఉండిపోతుంది, తనంతట తాను లేవదు.

సంగడి పేరు కూడా పాతదే కావచ్చు. మొదటి శతాబ్దపు గ్రీకు గ్రంథం పెరిప్లస్, ఒంటిమానులను జతచేసి కట్టిన పెద్ద పడవలు ఈ తీరంలో తిరిగేవని చెప్పి, వాటిని సంగర అంది. మరి కొన్ని మాటల తర్వాత మసాలియా సన్నబట్టల ప్రస్తావన వస్తుంది. అది మన బందరు సీమ. సంగరకూ సంగడికీ పండితులు ముడి వేశారు.

మళ్ళీ కొల్లేరుకు వస్తే, అక్కడ 308 చదరపు కిలోమీటర్ల మేర 1999లో అభయారణ్యం అయింది. కాని అంతకుముందే చేపల చెరువుల గట్లు లేచాయి. గట్ల మీద బళ్ళు తిరిగాక దోనెకు దారి తగ్గింది. ఫైబర్ పడవ వచ్చాక బాడిస పట్టే చేతులూ తగ్గాయి. సంగడి విద్య మాత్రం వేరే ఒంటితో బతికే ఉంది. దివిసీమలో నాగాయలంక దాటి ఎదురుమొండి దీవికి వెళ్ళాలంటే ఫంటు ఎక్కాలి: కింద పడవలు, మీద బల్లలు, ఆ మీద మోటారు సైకిళ్ళు, ధాన్యం బస్తాలు, మనుషులు. వాటిని ఎక్కించేటప్పుడు వినిపించే మాట ఒక్కటే: ఒక పక్కకే పెట్టకండి, అటు కొన్ని, ఇటు కొన్ని.