బాలసంరక్షణ పరిభాష: కారకవిమర్శనము

కార్యాలయ పత్రములతో సాహిత్యవిమర్శకుఁ బనియేమి యని కొంద ఱాక్షేపింపవచ్చును. తామ్రశాసనములలోని విభక్తులను బట్టి భాషాచరిత్రమును నిర్ణయించుట విద్వాంసులకు అలవాటైన పనియే. వేయేండ్ల నాఁటి దానపత్రమునకుఁ జూపఁబడు శ్రద్ధ, నేఁ డొక పసివాని జీవితమును నిర్ణయించు పత్రమునకు ఏల చూపఁగూడదో ఆ యాక్షేపకులే చెప్పవలెను.

ఆ పత్రము ఎట్టిదో ముందు తెలియవలయును. హైదరాబాదు నుండి నాగార్జునసాగరమునకుఁ బోవు మార్గమున, ఇబ్రాహీము కుతుబుషాహి (1550–1580) పేర వెలసిన ఇబ్రహీంపట్నము కలదు. పెద్ద చెఱువు గల యూరు. రంగారెడ్డి జిల్లాలో నొక మండలమునకు ముఖ్యస్థానము. ఇట్టి మండలములోని యే పల్లెలోనైనను ఒక పిల్ల ఆపదలో నున్నదని వార్త వచ్చినచో, జిల్లా బాలల సంరక్షణ విభాగమునకుఁ జెందిన సామాజిక కార్యకర్త అచ్చటికిఁ బోవును. అంగన్వాడీ ఉపాధ్యాయినిని, పంచాయతీవారిని, ఇరుగుపొరుగును విచారించును. 2015 నాఁటి బాలల న్యాయచట్టము ననుసరించి, ప్రయాణకాలము మినహా 24 గంటలలో ఆ పిల్లను బాలల సంక్షేమసమితి యెదుటఁ బ్రవేశపెట్టవలెను. సామాజిక పరిశోధన నివేదిక 15 దినములలో ముగియవలెను. తుదియుత్తరువునకు నాలుగు నెలల గడువు. సమితిలో అధ్యక్షునితోఁ గూడ ఐదుగురే. వారు పిల్లను చూచునది కొంతసేపు; చదువునది నివేదికను. పిల్ల యింటికిఁ బోవునో, వసతిగృహమునకుఁ బోవునో, ఎవరి చేతిలోఁ బడునో ఆ నాలుగు పుటల వాక్యములను బట్టి చాలవఱకు నిర్ణయమగును. కావున ఆ వాక్యములలో కర్త యెవఁడను ప్రశ్న కేవలము వ్యాకరణపాఠశాలకుఁ జెందినది కాదు.

పాణిని కర్తను స్వతంత్రునిగా నిర్వచించెను. వెనువెంటనే ఆ కర్తను బ్రేరేపించువానికిఁ గూడ కర్తృసంజ్ఞను విధించి, హేతువను వేఱొక పేరును ఇచ్చెను. పనిచేయువాఁడు ప్రయోజ్యకర్త, చేయించువాఁడు ప్రయోజకకర్త. ఈ భేదమును తెలుఁగు అతిలాఘవముతో సాధించుకొన్నది. చేసెను, చేయించెను: నడుమ నొక్క ప్రత్యయము. చిన్నయసూరి బాలవ్యాకరణమున (1858) ఈ ప్రేరణార్థకమునకుఁ దగిన చోటిచ్చెను. (ఆ గ్రంథము పేరునకు బాలుర కొఱకైనను పెద్దలకే కొఱుకుడుపడనిది, అది వేఱు మాట.) తెలుఁగునకు మఱియొక సాధనము కలదు. కొను ధాతువు అనుప్రయుక్తమైనచో క్రియాఫలము కర్తకే చెందును. సంస్కృతమున ఆత్మనేపదము చేయు పనిని ఇది చేయును. వండెను, వండుకొనెను అను రెండింటి భేదము అక్షరము రానివారికిని తెలియును.

ఇంత సంపద గల భాషలో వ్రాయఁబడు నివేదికలు, వార్తలు ఈ విషయమునఁ బరమ దరిద్రములై యుండుట విచిత్రము. ‘బాలిక 14వ యేట వివాహము చేసికొన్నది’ అను వాక్యమును బరీక్షింపుఁడు. ఇందుఁ గర్త బాలిక, క్రియాఫలము నామెకే. ముహూర్తము పెట్టించినవారు లేరు, సంబంధము కుదిర్చినవారు లేరు, భోజనములు పెట్టినవారు లేరు. 2006 నాఁటి బాల్యవివాహ నిషేధచట్టము వయోజనుఁడైన వరుని, జరిపించినవారిని, ప్రోత్సహించిన తల్లిదండ్రులను సంరక్షకులను శిక్షార్హులనుగాఁ జెప్పును, బాలికను జెప్పదు. చట్టము ప్రయోజకకర్తను వెదకుచుండఁగా వాక్యము ఆత్మార్థకక్రియను వాడి వానిని దాఁచిపెట్టుచున్నది. ‘బాలికకుఁ బెండ్లి చేసిరి’ యనుట పల్లెలోని ముసలమ్మకు సహజముగా వచ్చు వాక్యము. చదువుకొన్న యుద్యోగికి అది రాకుండఁ బోవుటకుఁ గారణము కార్యాలయభాష వలన నబ్బిన చెడ్డ అలవాటే.

‘బడి మానివేసిన పిల్లవాఁడు’ అనునదియు నిట్టిదే. మానుట స్వేచ్ఛాక్రియ. త్రాగుడు మానువాఁడు కలఁడు. జూదము మానువాఁడు కలఁడు. తల్లి వ్యాధిగ్రస్తురాలై చెల్లెలి నెత్తుకొనువారు లేక బడికిఁ బోలేనివాఁడు బడిని మానలేదు. వానిచేత మాన్పించిరి, లేదా వానికి బడి అందలేదు. 1991 నుండి రంగారెడ్డి జిల్లా పల్లెలలోఁ గృషిచేసిన మామిడిపూడి వేంకటరంగయ్య ఫౌండేషను ఈ పలుకుబడిని మొదలంట మార్చివేసినది. స్థానికస్వపరిపాలనమును గూర్చి గ్రంథములు వ్రాసిన పండితుని పేరిట వెలసిన సంస్థ పంచాయతీల మార్గముననే పిల్లల విషయమును జేపట్టుట సముచితముగ నున్నది. దానిని నడపిన శాంతా సిన్హాకు 2003లో మెగసెసే పురస్కారము వచ్చినది; 2007లో నేర్పడిన జాతీయ బాలల హక్కుల పరిరక్షణ సంఘమునకు ఆమెయే ప్రథమాధ్యక్షురాలు. బడిలో లేని ప్రతి పిల్లయు పనిలో నున్నట్లే యని యా సంస్థ సిద్ధాంతము.

తార్కికులు దీనికి అతివ్యాప్తి దోషము చెప్పుదురు. ఇంట ఊరక కూర్చున్న పిల్లయందును లక్షణము ప్రసరించును గదా యని వారి వాదము. లక్షణముగాఁ దీసికొన్నచో ఆ దోషము నిజమే. అది లక్షణము కాదు, విధి. పిల్ల పనిచేయుచున్నదని నిరూపింపవలసిన భారము కార్యకర్తపై నుండఁగా, ఆ భారమును బిల్ల పనిచేయుటలేదని చెప్పువారిపైకి మార్చుట దాని ప్రయోజనము. పశువులు కాచుట, నీళ్లు మోయుట, పసిపిల్లల నెత్తుకొనుట పని కాదని చెప్పి తప్పించుకొను మార్గము దానితో మూసికొనిపోయినది.

‘బాలకార్మికుఁ’డను సమాసము కూడ విచార్యమే. బాలుఁడైన కార్మికుఁడని కర్మధారయము. విశేష్యము కార్మికుఁడు, బాలత్వము విశేషణమాత్రము. విశేషణము తొలఁగినను విశేష్యము నిలుచును; నాలుగేండ్లు గడచినచో వాఁడు ఉత్తకార్మికుఁడగును, సమస్య తీఱినట్లగును! ‘పనిలోఁ బెట్టఁబడిన బాలుఁడు’ అన్నచోఁ బాలుఁడే విశేష్యమై నిలుచును. పెట్టినవాఁ డెవఁడను నాకాంక్షయు మిగులును. ఇది పొడుగు మాట యని కార్యాలయములవారు అందురు. ఆ పొడుగుదనమే దాని గుణము.

ఇటుకబట్టీల విషయమున నీ కారకవిచారము మిక్కిలి కఠినమగును. రంగారెడ్డి మున్నగు జిల్లాల బట్టీలకు ఒడిశాలోని బలాంగీరు, నువాపడా, కలహండి ప్రాంతముల నుండి కుటుంబములు వచ్చును. కోఁతలైన తరువాత బయలుదేఱి వానకాలము మొదలగునప్పటికి మరలుదురు. సర్దారు వారికి ముందుగా బయానా సొమ్మిచ్చును. భర్త, భార్య, ఒక పిల్ల కలసి యొక జట్టు. దానిని పథూరియా యందురు. కూలి వేయి యిటుకల లెక్కను జట్టునకుఁ జెల్లును. పిల్ల పేరు ఏ పుస్తకమునను ఉండదు. దానికిఁ గూలి వేఱుగా లేదు. యజమాని దానిని నియోగింపలేదు. తండ్రిని అడిగినచోఁ బిల్ల తమకుఁ దోడ్పడుచున్నదనును. తోడ్పడుట యను క్రియ ఎంత మనోహరమైనదో అంత ప్రమాదకరమైనది. 2016 నాఁటి సవరణముచే చట్టము 14 ఏండ్ల లోపు పిల్లలను అన్ని పనులనుండి నిషేధించియు, బడి వేళలు కాని సమయమున, అపాయకరము కాని కుటుంబవృత్తిలోఁ దోడ్పడుటను మినహాయించినది. బట్టీ కుటుంబముది కాదని గట్టిగా వ్రాయనిచో ఆ యొక్క క్రియాపదము వెనుక బట్టీ యంతయు దాఁగును.

అచ్చట ప్రయోజకకర్త యెవఁడు? తండ్రియా? అతఁడును బయానాచే గట్టువడినవాఁడే. యజమాని సర్దారును జూపును. సర్దారు తండ్రిని జూపును. వైయాకరణులకు ప్రేరణపరంపర క్రొత్త కాదు: ఒకఁడు చేయును, ఒకఁడు చేయించును, మఱియొకఁడు వానిచేతఁ జేయింపించును. నివేదిక ఈ పరంపరను తుదిదాఁకఁ బోయి వ్రాయవలెను. తండ్రియొద్ద నిలిచిపోయిన నివేదిక అబద్ధము కాదు, అర్ధవాక్యము. మీఁదుమిక్కిలి ఆ పిల్లకుఁ దెలుఁగు రాదు. కార్యకర్తకు ఒడియా రాదు. కుటుంబమును దెచ్చిన సర్దారే దుబాసిగా నిలిచినచో పిల్ల యొడియాలోఁ జెప్పిన ‘చేయించిరి’ తెలుఁగునకు వచ్చునప్పటికి ‘చేసితిమి’ కావచ్చును. అట్టిచోట వేఱు దుబాసిని దెచ్చుకొనుట మర్యాదమాత్రము కాదు; సాక్ష్యశుద్ధి దానిపై నాధారపడియున్నది.

ఇఁక సంరక్షణ శబ్దము. భయమును రక్షణమును జెప్పు ధాతువుల యోగమున భయహేతువునకు అపాదానసంజ్ఞ వచ్చును. పులివలన భయము, దొంగవలన రక్షణము. రక్షణమనఁగనే ‘ఎవరి వలన?’ అను పంచమ్యాకాంక్ష పుట్టితీరును. బాలసంరక్షణమను సమాసమున షష్ఠి యున్నది, పంచమి లేదు. ఎవరిని రక్షింపవలెనో చెప్పి, ఎవరి వలన రక్షింపవలెనో చెప్పక యూరకుండును. ఫలకములపై ఇది చెల్లును. నివేదికలో నట్లు చెల్లదు. పిల్లలపై లైంగికాపరాధములను గూర్చిన 2012 నాఁటి చట్టము క్రింద వచ్చు సందర్భములలో భయహేతువు తఱచుగా పిల్ల యెఱిఁగినవాఁడే, ఒక్కొక్కప్పుడు ఇంటివాఁడే. అప్పుడు ‘బాలిక కుటుంబసంరక్షణకు అప్పగింపఁబడినది’ యను వాక్యమున రక్షకస్థానమున నున్నవాఁడే అపాదానమునఁ గూడ నుండవచ్చును. పంచమిని పూరింపనిదే తృతీయను వ్రాయరాదు.

అధికారులు దీనిపై నొక సమాధానము చెప్పుదురు. బాలల న్యాయచట్టము మూఁడవ ప్రకరణమునఁ జెప్పిన 16 మూలసూత్రములలో నొకటి నిందాసూచకపదములను నిషేధించుచున్నది. కావున కర్తను బేర్కొనక తటస్థముగా వ్రాయుట చట్టసమ్మతమే యని. ఇది సూత్రమును దలక్రిందులుగాఁ జదువుట. ఆ నిషేధము పిల్లను గూర్చిన మాటలకు. పిల్లచేతఁ బనిచేయించినవానిని గూర్చిన మాటలకుఁ గాదు. దాని చరిత్రమే యీ యర్థమును స్థాపించును. 1986 నాఁటి చట్టము పిల్లవానిని అపరాధి యనియే పిలిచినది. 2000లో ఆ మాట పోయి, చట్టముతో సంఘర్షణ పడిన బాలుఁడను పేరు వచ్చినది. తెలుఁగున నీ పేరు కుదురలేదని చెప్పక తప్పదు. సంఘర్షణ మనఁగా ఒండొంటితో రాచికొనుట. ఇరుపక్షములును సమానములుగ నుండవలెను. సైకిలు దొంగిలించిన పండ్రెండేండ్లవానికిని పార్లమెంటు చేసిన శాసనమునకును సంఘర్షణము చెప్పుట అలంకారశాస్త్రమున నుత్ప్రేక్ష కావచ్చును. అయినను ‘బాలనేరస్థుఁడు’ అను పాత మాటకంటె నిది మేలు. విచారణ ముగియకముందే ఫలమును నిర్ణయింపదు.

అంతకంటె లోఁతైన చిక్కు బాలశబ్దముననే యున్నది. అమరసింహుఁడు నానార్థవర్గమున దీనికి శిశువను నర్థముతోపాటు మూర్ఖుఁడను నర్థమును గూడ నిచ్చెను. నిఘంటువు లోకమును జూచి వ్రాయఁబడినది. లోకము నేఁటికిని రెండవ యర్థమును విడువలేదు. పిల్ల చెప్పిన మాటకు ‘చిన్నపిల్ల, దాని కేమి తెలియును’ అని ఊరంతయు సమాధానము చెప్పును. పిల్ల యభిప్రాయమును వినవలెనని చట్టము మూలసూత్రములలోఁ జేర్చినది ఇందుకే. తెలుఁగున ‘అని’ యను నవ్యయము ఇందుకుఁ దగిన సాధనము. పిల్ల యన్న మాటను అన్నట్లే ‘అని’ ముందు నిలుపవచ్చును. ‘నేను’ను ‘తాను’గా, ‘కొట్టినాఁడు’ను ‘దండింపఁబడినది’గా మార్చనక్కఱలేదు. శిష్టభాషాభిమానము పిల్ల మాటయొద్ద నిలిచిపోవలెను. గ్రామ్యమైనను ఆ మాట ప్రమాణము.

ఇబ్రహీంపట్నముననే జరిగిన యొక విషాదము నీ పరిభాషకుఁ బరీక్షగా నిలిచినది. 2022 ఆగస్టు 25న అచ్చటి ప్రభుత్వాస్పత్రిలో 34 మంది స్త్రీలకు కుటుంబనియంత్రణ శస్త్రచికిత్సలు చేయఁగా, కొలఁదిదినములలో నలుగురు మరణించిరి. ప్రభుత్వము కుటుంబమునకు అయిదు లక్షల రూపాయల సాయమును, పిల్లలకు వసతిపాఠశాలలలోఁ జదువును ప్రకటించినది. ఇట్టి సందర్భములలో వార్తాభాష ‘ఆపరేషను వికటించి’ యని వ్రాయును. వికటించుటకుఁ గర్త ఆపరేషనే! చేసినవాఁడు, చేయించినవాఁడు, పనిముట్లను శుభ్రపఱపవలసినవాఁడు ఒక్క క్రియలో మాయమైపోవుదురు. ఆ తల్లుల పిల్లలకు వెంటనే లోకము పెట్టు పేరు ‘అనాథలు’. నాథుఁడు లేనివాఁడను బహువ్రీహి యిచ్చటఁ బొసఁగదు. తండ్రి బ్రదికియుండఁగాఁ జట్టము వారిని అనాథలనదు. పొసఁగని పేరైనను పనిచేయును. తండ్రి యింట నుండఁగనే పిల్లను వసతిగృహమునకుఁ బంపుట సహజమైన పనిగా ఆ పేరు తోఁపించును. పిల్లను సంస్థలో నుంచుట కడపటి యుపాయము కావలెనను మూలసూత్రము మఱుఁగుపడును. అట్టి యింటికిఁ బోవు కార్యకర్త నివేదికలో వ్రాయవలసినవి ‘తల్లి మరణించినది, తండ్రి కలఁడు, పిల్లకు వంట ఎవరు చేయుచున్నారు, బడికి ఎవరు పంపుచున్నారు, రాత్రి ఎవరియొద్దఁ బరుండుచున్నది’ అనునవి. ఈ మూఁడు ప్రశ్నలలోను కర్త స్థానము ఖాళీగా నున్నది. పేరు తెలిసినచోఁ బేరు వ్రాయవలెను. తెలియనిచోఁ దెలియలేదని వ్రాసి, మఱల ఆ యింటికిఁ బోవలెను.