రాక్షసుడికి అన్నం ఎవరు వండారు?

పోయిన వేసవిలో ఉద్దానంలోని మా పాత ఇల్లు ఖాళీ చేస్తుంటే అటక మీద ఒక బైండు దొరికింది. 'చందమామ' సీరియల్ పేజీలు నెలనెలా విడదీసి, దబ్బనంతో కుట్టి, పైన అట్ట వేసింది. కుట్టింది నేను. మొదటి పేజీ మీద మాత్రం నాన్న దస్తూరీలో తమ్ముడి పేరుంది. వాడికి ఆ కథల మీద పెద్ద ఆసక్తి ఉండేది కాదు. చందా వాడి పేరున కట్టారు కనక పుస్తకం వాడిదయింది.

దీపం దగ్గర నేను పైకి చదువుతుంటే మా నాయనమ్మ జీడిపిక్కలు ఒలుస్తూ వినేది. ఆమెకు అక్షరం రాదు. మాంత్రికుడి గుహ, కాపలా ఉన్న భూతాలు, కొండజాతి వీరులు, అన్నీ ఓపిగ్గా విని ఒక రాత్రి అడిగింది: "అది సరే గానీ గుంటా, అంతమందికీ అన్నం ఎవులు వొండుతున్నారే? ఆడమనిషి ఒకర్తయినా నేదేటి ఆ కొండల?"

నాకు ఒళ్ళు మండింది. కథ పాడుచేస్తున్నావని పుస్తకం మూసేశాను. తర్వాత ఎన్నో సెమినార్లలో కూర్చున్నాను, స్త్రీవాద విమర్శ మీద నోట్సు రాసుకున్నాను. ఈ సీరియళ్ళ మీద నేను విన్న మొదటి విమర్శ మాత్రం అదే. అంతకంటే సూటిదాన్ని ఇప్పటికీ వినలేదు.

ఈ ఏడాది వాటిని వరసగా మళ్ళీ చదివాను. 'తోకచుక్క', 'రాకాసిలోయ', 'శిథిలాలయం', 'యక్షపర్వతం', 'మాయాసరోవరం'. ఇవన్నీ దాసరి సుబ్రహ్మణ్యం రాసినవని మనకి చాలా ఆలస్యంగా తెలిసింది. అయిదు దశాబ్దాలు ఆ పత్రికలో పనిచేసినా సీరియల్ మీద ఆయన పేరు ఉండేది కాదు. పేరు లేకుండా పనిచేయడం ఆడవాళ్ళకే అలవాటనుకుంటాం. చందమామ ఆఫీసులో అది మగవాళ్ళకీ తప్పలేదు.

అభిమానిగా ముందే ఒక మాట ఒప్పుకోవాలి. కథ ఈనాటికీ లాక్కుపోతుంది. కుండలినీ ద్వీపం సేనాని సమరసేనుడు మంత్రద్వీపంలో ఏకాక్షికీ చతుర్నేత్రుడికీ మధ్య పడి నలిగే తీరు చదువుతుంటే నా కాఫీ చల్లారిపోయింది. చిత్ర గీసిన ఆ మరుగుజ్జులూ వింత జంతువులూ ఎక్కడికీ పోలేదు. మనకి సూపర్‌మాన్ తెలియని రోజుల్లో మా సూపర్‌మాన్‌లు వీళ్ళే. పైగా జంటలుగా వచ్చేవాళ్ళు: శిఖిముఖి, విక్రమకేసరి, ఖడ్గవర్మ, జీవదత్తుడు, జయశీలుడు, సిద్ధసాధకుడు. ఇల్లు లేదు, సంపాదన లేదు, చీకటి పడేలోపు తిరిగి రావాలన్న బెంగ లేదు. స్నేహమొక్కటే ఆస్తి. ఆడపిల్లల స్నేహం మీద అంత పొడుగు కథ నేను చిన్నప్పుడు ఒక్కటీ చదవలేదు.

ఆడవాళ్ళు అసలే లేరంటే తప్పవుతుంది. 'మాయాసరోవరం'లో రాజకుమారి కాంచనమాల ఉంది. ఆమెనూ, కాంచనవర్మనూ ఎత్తుకుపోతేనే వీరులకి బయలుదేరే పని పడుతుంది. అక్కడ ఆమె ఏమనుకుంది, ఏం చేసింది? చిన్నప్పుడు చదివింది గుర్తులేదు సరే. మళ్ళీ చదివాక కూడా గుర్తుంచుకునేంత దొరకలేదు. మా నాయనమ్మ చెప్పే బాలనాగమ్మనీ ఎత్తుకుపోతారు. కానీ ఆ కథలో నోము వంక పెట్టి మాయల ఫకీరుని ఏళ్ళ తరబడి దూరంగా నిలబెట్టింది ఆమే. బందీ అయిన ఆడదానికి కూడా ఒక ఎత్తు, ఒక ఓపిక, ఒక రోజువారీ జీవితం ఉంటాయని అక్షరం రాని కథకురాలికి తెలుసు. అచ్చులోకి వచ్చేసరికి అదంతా ఎక్కడ జారిపోయింది?

బేతాళ కథల్లో ఇంకో తమాషా. భర్తదీ అతని తోడు వచ్చినవాడిదీ తెగిన తలల్ని మార్చి అతికించిన స్త్రీ కథ ఉంది కదా. మొత్తం కథలో చేతులు కదిపింది ఆమె ఒక్కతే. బేతాళుడి ప్రశ్న మాత్రం ఇప్పుడు ఆమె ఎవరి భార్య అని. ఆమెనే అడిగితే పోయేది కదా! ఇదే చందమామ అధినేతలు తీసిన 'పాతాళభైరవి' (1951)లో అమ్మవారే సకల శక్తికీ నిలయం. అయినా ఆమె చేసేదల్లా ప్రతిమ ఎవరి చేతిలో ఉంటే వాడికేం కావాలో అడగడమే.

చందమామని 1952 నుంచి 1980లో పోయేదాకా నడిపింది కొడవటిగంటి కుటుంబరావు. 'ఆడబ్రతుకే మధురం' రాసిన చెయ్యి అది. మధ్యతరగతి ఇంట్లో ఆడదాని ఊపిరి ఎక్కడ ఆడదో అంత కచ్చితంగా తెలిసినవాడికి, పిల్లల పత్రికలో ఆడపిల్ల ఎక్కడుందన్న ప్రశ్న ఎందుకు రాలేదో నాకు అర్థం కాదు. పిల్లల కథ వేరే లోకం అనుకున్నాడేమో.

ముఖచిత్రం మీద మాత్రం ఆమే. 1921లో మా శ్రీకాకుళంలోనే పుట్టిన వడ్డాది పాపయ్య ఎన్నో ముఖచిత్రాలు వేశారు. పసుపూ ఆకుపచ్చా కలిసి మెరిసే ఆ ఒళ్ళు, ఆ నగలు, వాలిన కళ్ళు. వపా మా ఊరివాడని ఇప్పటికీ గర్వమే, ఆ రంగులంటే ఇప్పటికీ వ్యామోహమే. కానీ అట్ట మీద ఆమెని చూస్తాం, లోపల అతనితో నడుస్తాం. తొమ్మిదేళ్ళకే నేను నేర్చుకున్న పాఠం అది. నేను నడకనే ఎంచుకున్నాను.

ఇక్కడే నా విమర్శ తడబడుతుంది. ఆ కథల్లో నాకోసం అచ్చుగుద్దిన ఆడపిల్ల లేకపోవడం వల్లే నేను శిఖిముఖి కాగలిగాను. మొదట ఆ పేరు ఆడపిల్లదే అనుకున్నాను. శశిముఖి, చంద్రముఖి లాగా. నాలుగు వాక్యాల తర్వాత "అన్నాడు" అని వచ్చి గుండె జారింది. తెలుగు క్రియ దాచనివ్వదు కదా. ఆ రోజు నుంచి మనసులో చదువుకునేటప్పుడు క్రియ చివర మార్చేసేదాన్ని: దూకింది, కత్తి దూసింది, నవ్వింది.

'శిథిలాలయం' వచ్చింది అరవైల చివర్లో. అప్పుడే మా చుట్టూ ఉన్న నిజమైన కొండల్లో ఇంకో కథ నడుస్తోంది. 1967 అక్టోబరు 31న లేవిడి దగ్గర కోరన్న, మంగన్నలను కాల్చి చంపారు. మా పక్కనున్న బొడ్డపాడు కోడలు పంచాది నిర్మల అడవిలోకి వెళ్ళింది. 1969 డిసెంబరులో సుబ్బారావు పాణిగ్రాహితో పాటు ఆమెనీ చంపారు. మా ఇంట్లో ఆ పేరు తలుపు వేశాకే పలికేవారు. వంటింట్లోంచి ఆ గుసగుసలు వింటూనే నేను మళ్ళీ సీరియల్లోకి వెళ్ళిపోయేదాన్ని. ఆ రాజకీయాలతో ఏకీభవించినా లేకపోయినా, ఆయుధం పట్టి కొండెక్కిన స్త్రీ నా ఇంటికి అయిదారు మైళ్ళలో ఉండేది. అడవిలో ఆడది ఉండదని నమ్మించిన కథని నేను అదే నెలలో నమ్మాను. కల్పన బలం అంటే ఇదే అయితే, దానితో పిల్లల కథేగా అని సరిపెట్టుకోలేం.

దీని ఫలితం నా కథల్లో కనిపిస్తోంది. ఈ వ్యాసం కోసం నా మొదటి సంపుటి తిరగేశాను. తొమ్మిది కథల్లో ఆరింట మగవాడు ఊరు దాటతాడు, స్త్రీ గుమ్మంలో నిలబడుతుంది. నిలబడినదాని బాధ నేను బాగానే రాశానని అప్పట్లో మెచ్చుకున్నారు. ఆమె గుమ్మం దిగితే దారి ఎలా ఉంటుందో రాయడం నాకు రాలేదు. దారి గురించి నాకు తెలిసిందంతా "వెళ్ళాడు" అన్న క్రియలోనే తెలిసింది మరి.

ఈ మధ్య మా మేనకోడలి కూతురికి, ఎనిమిదేళ్ళది, ఆ బైండు చదివి వినిపిస్తున్నాను. తనకి తెలుగు చదవడం అంతంత మాత్రం. చెప్పకుండానే శిఖిముఖిని ఆడపిల్లని చేసేశాను. దానికి ఏ వింతా అనిపించలేదు. మూడో రోజు అలసటలో నోరు జారి "అన్నాడు" అన్నాను.

"అన్నది" అని సరిదిద్దింది. కాసేపాగి, "వీళ్ళు ఏం తింటారు అమ్మమ్మా?" అంది.

కాల్చిన దుంపలు, వేట మాంసం అని చెప్పాను.

"ఎవరు కాలుస్తారు?"

విక్రమకేసరి అని చెప్పాను. పేజీలో ఆ మాట లేదు.