ఎవరి సంస్కృతి, ఎవరి ఇంగ్లీషు?

ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందులలో ఇంగ్లీషు చదివే మన పిల్లలకు పరాయి సంస్కృతి అంటే లండన్, న్యూయార్క్ అన్నట్టే పాఠాలు నడుస్తున్నాయి. కరచాలనం ఎలా చేయాలి, ఈమెయిల్ ఎలా మొదలుపెట్టాలి అని నేర్పుతారు. అవి అక్కరలేదని మేం అనం. పక్క బెంచీ సంస్కృతి పాఠంలో లేకపోవడమే మా పేచీ.

సుగాలీల గోర్ బోలీ రాజస్థాన్ వైపు భాషలకు చుట్టం. ఎరుకల భాష తమిళానికి దగ్గర. తండా పిల్ల ఇంట్లో అమ్మను ‘యాడీ’ అని పిలుస్తుంది. బస్సులో కడప తెలుగు, క్లాసులో పుస్తకాల తెలుగు, ఆ పైన ఇంగ్లీషు. రోజూ ఇన్ని గడపలు దాటే పిల్లకు ‘కమ్యూనికేషన్ స్కిల్స్ తక్కువ’ అని మార్కులు కోస్తే లోపం కొలబద్దలోనే ఉంది.

పెద్దల ముందు తల దించడం మనకు మర్యాద. ఇంటర్వ్యూ చేసేవారికి అది బెరుకు. ‘తిన్యావా?’ అన్నది మనకు పలకరింపు. ఇంగ్లీషులోకి మాటకు మాట దించితే తిండి గురించిన ప్రశ్న అవుతుంది. ఇలా అర్థం తెగిన చోటే పాఠం మొదలవాలి. సర్దుకోవడం ఇద్దరి వైపు నుంచీ జరగాలి.

ఇది మర్యాదల ముచ్చట మాత్రమే కాదు. 1909లో థర్‌స్టన్, రంగాచారి దక్షిణ భారత కులాలు, తెగల మీద ఇంగ్లీషులో ఏడు సంపుటాలు తెచ్చారు. అందులో ఎరుకల గురించి ఉంది, ఎరుకలవారు రాసింది కాదు. 1871 నాటి నేరస్థ జాతుల చట్టం 1911లో మద్రాసు రాష్ట్రానికి వచ్చింది. ఎరుకలకు పుట్టుకే నేరమైంది. 1952లో చట్టం రద్దయినా ఆ ముద్ర జనం నోట ఇంకా పూర్తిగా పోలేదు. మన మీద ఆ పేరు పెట్టింది ఇంగ్లీషులోనే. దానికి జవాబు కూడా ఇంగ్లీషులో చెప్పగలగాలి.

1820లో కడపకు వచ్చిన సి.పి. బ్రౌన్ పండితులను దగ్గర పెట్టుకుని, ప్రతులు సేకరించి, 1829లో వేమన పద్యాలను ఇంగ్లీషు అనువాదంతో అచ్చువేశాడు. ముందు వినడం, తర్వాత రాయడం అన్న పద్ధతి పనికొస్తుంది. ఈసారి రాసేది మన పిల్లలు కావాలి.

ఉపాధ్యాయులకు మా మనవి ఒకటే. ప్రతి విద్యార్థి చేత ఇంటి భాషలోని ఒక మాటను ఇంగ్లీషులో వివరింపజేయండి. మిగతావారి చేత ప్రశ్నలు అడిగించండి. యువతకు చెప్పేది కూడా అదే: ఇంగ్లీషు గట్టిగా నేర్చుకోండి, ఇంటి మాటను గడప బయట విడిచిపెట్టకండి.