మళ్లీ పాలు తాగి చూడాలి

పలాస నుంచి బొబ్బిలి దాకా మా వైపు నాయనమ్మల్లో ఒక గుణం పిల్లల డాక్టర్‌గా నాకు భలే ఇష్టం. చంటిబిడ్డ విరేచనంలో తేడా కనబడితే బిడ్డ కింద వేసిన పాతచీర ముక్కని ఉతికేయరు. మడిచి, కవర్లో పెట్టి తెస్తారు. "ఏటో సూడండి బాబూ" అని బల్లమీద విప్పుతారు. పసుపుపచ్చటి విరేచనం, జిగట, అందులో ఎర్రదారాల్లాంటి చారలు. డైపర్లొచ్చాక ఫోన్లో ఫొటోలు చూపిస్తున్నారు. వాటిలో రంగు నమ్మలేం.

చారలు చూడగానే పాల అలర్జీ అనేయను. మలద్వారం దగ్గర చీలిక ఉందేమో ముందు చూస్తాను. బిడ్డ ఉండుండి కాళ్లు ముడుచుకుని గుక్కపట్టి ఏడుస్తుంటే పేగులోకి పేగు దూరిందేమో, అప్పుడు పెద్దాసుపత్రికి పరుగే. చారల్లేకుండా, బరువు చక్కగా పెరుగుతూ కాస్త కక్కే పిల్లలకి సాధారణంగా ఏ జబ్బూ ఉండదు.

ఆ తర్వాత తల్లి తిండి అడుగుతాను. బాలింతకి పాలు బాగా పడతాయని పూటకో గ్లాసు పాలు తాగించే ఇళ్లు మావి. వాటిలోని ప్రోటీన్ కొంచెం చనుపాలలోకీ దిగుతుంది. అనుమానం గట్టిపడితే తల్లి రెండు నుంచి నాలుగు వారాలు పాలు, పెరుగు, మజ్జిగ, నెయ్యి, పాలు కలిసిన బిస్కెట్లు మానాలి. అన్నిటికన్నా టీ మానడమే కష్టం! కాల్షియం మాత్రలు, చోడి అంబలి పుచ్చుకోమంటాను. బిడ్డకి చనుపాలు మాత్రం ఆపకూడదు. డబ్బాపాల బిడ్డకైతే ప్రత్యేకమైన పొడి ఉంది, ఖరీదెక్కువ. మేకపాలు, గేదెపాలకి మారితే లాభం లేదు, వాటి ప్రోటీన్లూ దాదాపు అవే. వీధిలోకొచ్చే పచ్చి గాడిదపాలు అసలే వద్దు.

చారలు పోగానే ఇంట్లో అందరూ అక్కడితో ఆగిపోతారు. నా పేచీ ఇక్కడే. తల్లి మళ్లీ పాలు తాగి చూడాలి. చారలు తిరిగొస్తే తప్పు పాలదే. రాకపోతే దానంతటదే తగ్గిందన్నమాట. ఆవిణ్ని నెలల తరబడి పెరుగన్నానికి దూరం చెయ్యడం అన్యాయం. ఈ రకం అలర్జీని రక్తపరీక్ష తేల్చదు. "తగ్గిపోనాది కదా, మల్లీ ఎందుకు బాబూ" అని నాయనమ్మలు కసురుకుంటారు.

పాలు పట్టిన నిమిషాల్లోనో, గంటా రెండు గంటల్లోనో ఒళ్లంతా దద్దుర్లొచ్చి, పెదాలు వాచే పిల్లల సంగతి వేరు. ఊపిరి కష్టమైతే వెంటనే 108కి ఫోన్ చెయ్యాలి. వాళ్లకి మళ్లీ పాలు పట్టి చూడటం ఆసుపత్రిలోనే, ఇంట్లో కాదు.

మిగతావాళ్లకి, తల్లి మళ్లీ పాలు మొదలెట్టే తేదీ చీటీమీద పెద్దక్షరాలతో రాసిస్తాను. సంక్రాంతి వారంలో మాత్రం వద్దంటాను. అరిసెలు, పులిహోర, చుట్టాలు తెచ్చిన మిఠాయిలు అన్నీ తిన్నాక ఏది పడలేదో ఎవరు తేలుస్తారు?