దోష సవరణ సంకేతాల రూపకల్పనలో పరిణామాత్మక అల్గారిథమ్‌లు: ఒక విమర్శ

ప్రవేశిక

సమాచార ప్రసారంలో దొర్లిన తప్పులను గ్రహీతే సరిదిద్దుకొనే వీలు కల్పించేవి దోష సవరణ సంకేతాలు. 1950లో హామింగ్ ప్రచురించిన వ్యాసం తరువాత ఈ శాస్త్రం ప్రధానంగా బీజగణిత నిర్మాణాలతో ఎదిగింది. 1990లో డోంటాస్, డి జాంగ్ ఈ పనికి జన్యు అల్గారిథమ్‌ను ప్రయోగించారు. సంకేతాన్ని నిర్మించడానికి బదులు అన్వేషించడం ఎంతవరకు సమంజసమో పరిశీలించడం ఈ వ్యాస లక్ష్యం.

పరీక్షా సమస్య

ఈ రంగంలో తరచుగా ఎదురయ్యే సమస్య ఇది: 12 బిట్ల పొడవు గల 24 పదాలను, ఏ రెండు పదాలైనా కనీసం 6 స్థానాల్లో భేదించేటట్లు ఎంచుకోవాలి. 4096 పదాల నుండి 24 పదాలను ఎంచుకొనే విధాల సంఖ్య 63 అంకెలు గలది. అన్నింటినీ పరీక్షించడం అసాధ్యం కనుక పరిణామాత్మక పద్ధతి అవసరమన్నది వాదన.

ఈ వాదన అసంపూర్ణం. 12వ తరగతి మాత్రికను హడమార్డ్ 1893లోనే ఇచ్చాడు. అందులో ఏ రెండు వరుసలైనా సరిగ్గా 6 స్థానాల్లో భేదిస్తాయి. ఆ 12 వరుసలకు వాటి పూరకాలను చేర్చితే కోరిన 24 పదాలు లభిస్తాయి. వర్గసంఖ్యలను 11తో భాగించగా మిగిలే శేషాల ఆధారంగా, 1933 నాటి పేలీ పద్ధతిలో, దీనిని కాగితం మీదే రాయవచ్చు. 24కు మించిన పదాలు సాధ్యం కావని ప్లాట్కిన్ అవధి నిరూపిస్తుంది. కాబట్టి ఈ సమస్య అల్గారిథమ్‌ల వేగాన్ని పోల్చడానికి పనికివస్తుందే తప్ప కొత్త సంకేతాన్ని కనుగొన్నామని చెప్పుకోవడానికి పనికిరాదు.

రెండు లోపాలు

మొదటిది ప్రాతినిధ్యానికి సంబంధించినది. 24 పదాలను వరుసగా పేర్చి క్రోమోజోమ్‌గా తీసుకొంటే, ఒకే సంకేతం 24 ఫాక్టోరియల్ రూపాల్లో కనిపిస్తుంది. ఒకే సంకేతానికి చెందిన రెండు రూపాలను సంకరం చేసినా, సంతతిలో కొన్ని పదాలు రెండేసిసార్లు వచ్చి, కొన్ని లోపించవచ్చు. జనకుల యోగ్యత సంతతికి సంక్రమించనప్పుడు సంకరానికి అర్థమేమిటి?

రెండవది యోగ్యతా ప్రమేయానిది. ప్రతి జత పదాల దూరవర్గపు విలోమాలను కూడి, ఆ మొత్తపు విలోమాన్ని యోగ్యతగా లెక్కిస్తారు. పై సమస్యలో ఉత్తమ సంకేతానికి దీని విలువ సుమారు 0.0674. అయితే ఎన్ని తప్పులనైనా నిశ్చయంగా సవరించగల శక్తిని నిర్ణయించేది కనిష్ఠ దూరం. ఒక్క జత దగ్గరపడినా ఆ హామీ తగ్గుతుంది; మొత్తంలో మాత్రం ఆ లోపం మరుగునపడవచ్చు.

సార్థకమైన మార్గం

ఇందువల్ల పరిణామాత్మక పద్ధతి నిష్ప్రయోజనమని తీర్మానించరాదు. 2000లో షొక్రొల్లాహి, స్టోర్న్ చెరిపివేత ఛానళ్ల సంకేతాల కోసం డిఫరెన్షియల్ ఎవల్యూషన్‌ను వినియోగించారు. అక్కడ పరిణామం చెందినవి పదాలు కావు. సంకేతపు గ్రాఫ్‌లో అంచుల పంపిణీని తెలిపే కొద్దిపాటి వాస్తవ సంఖ్యలు. ప్రతి సంఖ్యకూ జనాభా అంతటా ఒకే అర్థం ఉంటుంది. ఒక పంపిణీ ఎంత నష్టాన్ని తట్టుకోగలదో సిద్ధాంతమే లెక్కించి చెబుతుంది.

ముగింపు

నిర్మాణాన్ని గణితానికి వదిలి, గణితం తేల్చని విలువలను అన్వేషణకు అప్పగించినప్పుడే ఈ పద్ధతి రాణిస్తుంది. ఇకపై ఈ రంగంలో వెలువడే సిద్ధాంత గ్రంథాలు తమ ఫలితాన్ని మరొక అల్గారిథమ్‌తో పోల్చి ఊరుకోకుండా, తెలిసిన ఉత్తమ బీజగణిత నిర్మాణం పక్కన నిలిపి చూపాలి. ఆ పోలిక లేనిదే ‘ఆవిష్కరణ’ అన్న మాటను పరీక్షకులు అంగీకరించరాదు.